ఫోంతలేరా గంటగోపురం మూతపడిన ఆదివారం

ఆ ఆదివారానికి ఎర్మెతే జాన్‌ఫ్రీని వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదీ నలభై రైలుకు క్రెమోనా నుంచి మరదలు యోలె, ఆమె మొగుడు ఇలారియో దిగుతారు. పది గంటలకు అందరూ కలిసి కెథడ్రల్ గంటగోపురం దగ్గరికి వెళ్తారు. అది మూసి ఉంటుంది. అయ్యో అనుకుంటూ ఇంటికొచ్చి, గుమ్మడికాయ గుజ్జు కూరిన తోర్తెల్లి తిని, కాస్త నడుం వాల్చి, నాలుగింటి రైలుకు వాళ్ళు వెళ్ళిపోతారు. ఇందులో గోపురం మూసి ఉండటం ఒక్కటే దానంతటది జరిగేది కాదు. దాని కోసమే అతను పొద్దున్నే ఆరింటికి లేచి, భార్య నివేస్‌కు నిద్రాభంగం కాకుండా బూట్లు చేత్తో పట్టుకుని మెట్లు దిగాడు.

ఇలారియో రైల్వేలో టిక్కెట్లు కొట్టి రిటైరైన మనిషి. గోపురాలెక్కడం అతని వ్యసనం. ఎక్కిన ప్రతి గోపురం పేరూ, మెట్ల సంఖ్యా, ఎక్కడానికి పట్టిన నిమిషాలూ ఒక నల్ల అట్ట పుస్తకంలో రాసుకుంటాడు. అప్పటికి అరవై మూడయ్యాయి. పండక్కీ పబ్బానికీ ఆ పుస్తకం తెరిచి కూర్చుంటే, తోడల్లుడన్నాక ఎర్మెతే కూడా ఏదో ఒకటి అనాలి కదా. మొదటిసారి, మా గోపురం పైనుంచి ఆల్ప్స్ కనిపిస్తాయన్నాడు. రెండోసారి, మంచుతో సహా కనిపిస్తాయన్నాడు. తరవాత్తరవాత వారానికోసారి ఎక్కుతున్నాననీ, మోకాళ్ళకు అంతకన్నా మంచి మందు లేదనీ కూడా చెప్పేశాడు. ఇలారియో ఫోంతలేరా వచ్చినప్పుడల్లా ఒకసారి వాన పడింది, ఒకసారి అతనికే కాలు బెణికింది, ఒకసారి ఎవరో పోయారు. ఆ విధంగా ఇరవై ఏళ్ళు ఎర్మెతేను దేవుడు కాపాడాడు. ఈసారి ఇలారియో ముందే ఫోన్ చేసి, వాతావరణం కనుక్కుని, ఆరోగ్యం బాగుందని చెప్పి, పది గంటలకు సిద్ధంగా ఉండమన్నాడు.

నిజానికి ఎర్మెతే ఆ గోపురంలో ఇరవై ఏడు మెట్లు మాత్రమే ఎక్కాడు. అది కూడా పన్నెండేళ్ళ వయసులో, బడి పిల్లలతో. ఇరవై ఏడో మెట్టు దగ్గర గోడలో సన్నని సందు ఉంటుంది. అందులోంచి చూస్తే కింద ఎగురుతున్న పావురం వీపు కనిపించింది. పావురానికి వీపు ఉంటుందన్న సంగతి ఆ క్షణం వరకు అతనికి తట్టలేదు. కళ్ళు తెరిచేసరికి టీచరమ్మ మొహం మీద నీళ్ళు చల్లుతోంది. ఆ తరవాత ఈ నలభై ఆరేళ్ళలో అతను స్టూలెక్కింది లేదు. తన అచ్చు ప్రెస్సులో పై అరలో ఉన్న కాగితం కావాలంటే నివేస్ వచ్చి తీసివ్వాల్సిందే.

ప్రెస్సు కెథడ్రల్ వెనక సందులోనే ఉంది. చర్చి ప్రకటనలు, మున్సిపాలిటీ నోటీసులు, పెళ్ళి శుభలేఖలు, ఎవరైనా పోతే గోడలకు అంటించే నల్ల అంచు కాగితాలు, అన్నీ అక్కడే అచ్చవుతాయి. ఎర్మెతే ముందు 'మరమ్మతుల కారణంగా' అని అక్షరాలు కూర్చాడు. మరమ్మతులంటే మేస్త్రీ ఏడీ, ఇసుకేదీ అని ఇలారియో అడుగుతాడని భయమేసి విప్పేశాడు. కిందటి ఎండాకాలం ఊరి ఈతకొలను కోసం కూర్చిన అక్షరాల చట్రం ఒకటి ఇంకా విప్పకుండా ఉంది: 'భద్రతా కారణాల రీత్యా తదుపరి ఉత్తర్వు వరకు ప్రవేశం నిషిద్ధం.' అందులో ఈతకొలను తీసి గంటగోపురం పెట్టాడు. మిషను మీద మున్సిపాలిటీవారి మందపాటి కాగితం ఉంటే దాని మీదే ఎర్ర అంచుతో ఒక్క కాపీ లాగాడు. చాలా అందంగా వచ్చింది. కింద ఎవరి పేరూ వేయలేదు. ఇంకొకరి పేరు వాడుకోవడం నేరం, ఎర్మెతే నిజాయితీపరుడు.

ఏడు కాకముందే గోపురం తలుపుకు నాలుగు మేకులతో దాన్ని బిగించి ఇంటికొచ్చి, మళ్ళీ పక్కలో దూరాడు. రైలు వెళ్ళిపోయాక నాలుగుంపావుకు పీకేస్తే సరిపోతుంది.

ఏడున్నరకు చర్చి తాళాలు చూసుకునే ఫెర్మో వచ్చాడు. నోటీసు రెండుసార్లు చదివాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ కాగితం, ఆ అంచు, ఆ అక్షరాలు చూస్తున్నవాడు కాబట్టి అనుమానం రాలేదు, కానీ మనసు కష్టపెట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ తాళాలు మోస్తున్న తనకు ఒక్క మాట చెప్పకుండా పెద్ద ఫాదర్‌గారు ఈ పని చేస్తారని అతను కలలో కూడా అనుకోలేదు. సరే, ఉత్తర్వంటే ఉత్తర్వే, పాటించి చూపిస్తాననుకున్నాడు. తలుపుకు రెండో తాళం కూడా వేశాడు. గంటల తాడు ఉండేది ఆ తలుపు లోపలే. భద్రతా కారణాలన్నాక తాడు లాగే మనిషికీ భద్రత అక్కర్లేదా అని, ఎనిమిది గంట కొట్టకుండా పోయి చర్చిలో బల్ల మీద కూర్చున్నాడు.

ఆ గంటను ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ విన్న పాపాన పోలేదు. కొట్టకపోయేసరికి అందరికీ వినిపించింది. బేకరీలో రెండో వాయి రొట్టె మాడిపోయింది, ఎందుకంటే బేకరీవాడు ఎనిమిది గంట విని పొయ్యి తెరుస్తాడు. సగం ఊరు ఇంకా ఏడున్నరే అనుకుని పక్కల్లోనే ఉండిపోయింది. ఎనిమిదింటి పూజకు పెద్ద ఫాదర్ దోన్ తార్చీజియో బలిపీఠం ముందుకు వచ్చి చూస్తే, ఎదురుగా ఆరుగురున్నారు. అందులో ఒకరు ఫెర్మో, అతను కూడా మొహం అటు తిప్పుకుని ఉన్నాడు.

పూజయ్యాక దోన్ తార్చీజియో నోటీసు చదివి గుండె పట్టుకున్నాడు. చర్చికీ మున్సిపాలిటీకీ కెథడ్రల్ ముందున్న చౌకులో కార్లు నిలపడం గురించి పదకొండేళ్ళుగా మాటల్లేవు. ఇప్పుడు వాళ్ళ కాగితం మీద, చర్చి గోపురాన్ని చర్చికి చెప్పకుండా మూసేశారు. ఏం జరిగిందని అడిగితే తనకేమీ తెలియదని ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని డిప్యూటీ మేయరు లొరెదానా బిజోక్కీ ఇంటికి ఫోన్ చేసి, వీలైనంత చల్లగా, మీ ఉత్తర్వును మేము అక్షరం పొల్లుపోకుండా పాటిస్తున్నామని చెప్పాడు.

లొరెదానా మేడమ్ అప్పుడు సగం తలకు రంగు వేసుకుని ఉంది. మేయరు పుట్టగొడుగులు ఏరుకోవడానికి కొండల్లోకి పోయి రెండు రోజులైంది. పోతూ పోతూ తనకు చెప్పకుండా ఏదో ఉత్తర్వు ఇచ్చాడన్నమాట అనుకుంది. తనకేదీ చెప్పడన్న సంగతి ఊరందరికీ తెలిసిందే అయినా, ఫాదర్ ముందు ఒప్పుకోవడం ఆమెకు ఇష్టం లేకపోయింది.

"మీ సహకారానికి మున్సిపాలిటీ కృతజ్ఞతలు తెలుపుతోంది ఫాదర్‌గారూ," అంది. "ప్రజల ప్రాణాల కన్నా మాకు ఏదీ ఎక్కువ కాదు."

ప్రాణాలు అన్న మాట నోట్లోంచి వచ్చాక ఆమెకే భయమేసింది. వెంటనే ఫైరాఫీసుకు ఫోన్ చేసి, గోపురం సంగతి ఎంతవరకు వచ్చిందని అడిగింది. ఫైరాఫీసులో కూర్చున్న పెద్దమనిషికి ఏ సంగతీ తెలియదు. కానీ డిప్యూటీ మేయరంతటి మనిషి ఆదివారం పొద్దున్న స్వయంగా ఫోన్ చేసి గోపురం గురించి అడిగిందంటే, అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, ఎన్ని బళ్ళు పంపాలి అని. అతను రెండు పంపాడు.

పది కావస్తుండగా చుట్టాల్ని వెంటబెట్టుకుని చౌకులోకి మలుపు తిరిగిన ఎర్మెతేకు మొట్టమొదట కనిపించినవి ఆ రెండు ఎర్రబళ్ళే. గోపురం చుట్టూ ఎర్రతెల్ల పట్టీలు కడుతున్నారు. కాఫీ హోటలువాడు బల్లలు లోపలికి లాక్కుంటున్నాడు. చౌకులో రెండు వందల మంది దాకా మెడలు వెనక్కి విరుచుకుని పైకి చూస్తున్నారు. ఎర్మెతే కూడా అలవాటు తప్పి పైకి చూసి, వెంటనే కళ్ళు దించేసుకున్నాడు.

"ఏమైంది?" అని నివేస్ పక్కావిడను అడిగింది. గోపురం ఏ క్షణాన్నైనా పడిపోతుందని, మున్సిపాలిటీవాళ్ళు రాత్రికి రాత్రి కనిపెట్టారని ఆవిడ చెప్పింది.

ఇలారియో మొహం వేలాడేసుకుంటాడని ఎర్మెతే అనుకున్నాడు. అదేం జరగలేదు. అరవై మూడు గోపురాలెక్కినవాడికి ఒక గోపురం పడిపోతుంటే చూసే భాగ్యం ఎప్పుడూ కలగలేదు. అతను జేబులోంచి ఇంటి తాళంచెవుల గుత్తి తీశాడు, యోలె తెచ్చిన కేకు డబ్బాకు కట్టిన దారం విప్పాడు, గుత్తిని దారానికి కట్టి చేయి చాచి వేలాడదీశాడు. ఒక కన్ను మూసి, దారాన్ని గోపురం అంచుకు ఆనించి చూశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టారు.

"దక్షిణానికి ఒరిగింది," అన్నాడు ఇలారియో. "బారెడుకి తక్కువ ఉండదు."

నిజమే, ఒరిగింది. కట్టిన నూరేళ్ళలోపే ఒరిగింది, అప్పటి నుంచి ఏడొందల ఏళ్ళుగా అలాగే ఉంది. ఫోంతలేరాలో పుట్టిన ప్రతి పిల్లా పిల్లవాడూ బొమ్మ గీస్తే గోపురాన్ని వంకరగానే గీస్తారు. కానీ దారంతో కొలిచి చెప్పిన పరాయి ఊరి మనిషి మాట ముందు అదంతా ఎవరికీ గుర్తుకు రాలేదు. నిన్న ఇంత లేదని ఒకడన్నాడు. పొద్దున్న కూడా ఇంత లేదని ఇంకొకడన్నాడు. క్రెమోనా నుంచి నిపుణుణ్ణి పిలిపించారట అన్న వార్త చౌకు ఈ చివర బయల్దేరి ఆ చివరికి చేరేసరికి ఇలారియో ప్రొఫెసరయ్యాడు. ఫైర్ ఆఫీసరు వచ్చి అతనికి సెల్యూట్ కొట్టి, ఎంత దూరం ఖాళీ చేయించమంటారని అడిగాడు. ఇలారియో గోపురం ఎత్తెంతో కనుక్కుని, అంతే దూరం, మర్యాదకి ఇంకో పది మీటర్లు, అన్నాడు.

"ఇలారియో, కాస్త ఇటు రా," అని ఎర్మెతే అతని చొక్కా పట్టుకుని లాగాడు. "ఇదంతా ఏమీ లేదు. రా, ఇంటికి పోదాం."

"అన్నయ్యా, వారానికోసారి ఎక్కేవాడివి, నీకు అనుబంధం ఉంటుంది. అర్థం చేసుకోగలను," అన్నాడు ఇలారియో జాలిగా. "కానీ నిజాన్ని ఎదుర్కోవాలి."

పదకొండింటికి కెథడ్రల్‌లో మందుల షాపాయన కూతురి పెళ్ళి. ఆ పెళ్ళిని ఊరి ఆటల హాలుకు మార్చారు. పెళ్ళికూతురు తెల్లగౌను చేత్తో ఎత్తి పట్టుకుని చౌకు దాటుతూ, ఆ నోటీసు పెట్టినవాడెవడో గానీ వాడి చేతులు పడిపోవాలని ఏడ్చింది. ఎర్మెతే చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు. ఆ శుభలేఖలు కూడా అతను అచ్చేసినవే, వేదిక పేరు బంగారు రంగులో పడింది.

మధ్యాహ్నం లోపు మోదేనా నుంచి ఒక ఇంజనీరమ్మ మూడుకాళ్ళ యంత్రంతో వచ్చింది. గోపురం కదులుతోందో లేదో ఆ యంత్రం వెంట్రుకవాసితో సహా చెబుతుందట. దాన్ని ఎక్కడైనా స్థిరమైన చోట నిలపాలి అంటే, లొరెదానా మేడమ్ చౌకుకు అటువైపున్న మున్సిపల్ భవనం రెండో అంతస్తు వరండా ఇచ్చింది. టీవీవాళ్ళు వచ్చారు. వాళ్ళ ముందు లొరెదానా మేడమ్, ఇంకా రంగు పడని సగం తలను కెమెరాకు కనిపించకుండా తిప్పుకుని, ముప్పును ముందే పసిగట్టి నోటీసు పెట్టించింది తన కార్యాలయమేనని చెప్పింది. అది విన్న దోన్ తార్చీజియో పట్టీ కింద నుంచి దూరి వచ్చి, గోపురం తమదనీ, దాని మంచిచెడ్డలు ఎనిమిది వందల ఏళ్ళుగా చూస్తున్నది తామేననీ, నోటీసు పెట్టించింది చర్చేననీ చెప్పాడు. అది విన్న ఫెర్మోకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తను అనుకున్నది నిజమేనన్నమాట.

అప్పటికి చౌకు చుట్టూ ఉన్న పదకొండు ఇళ్ళు ఖాళీ చేయించారు. పన్నెండోది మిగిలింది. దాని నాలుగో అంతస్తులో ఎర్మెతే అత్తగారు, ఎనభై ఎనిమిదేళ్ళ అర్జియా, లోపల గడియ పెట్టుకుని కూర్చుంది. ఫైర్‌వాళ్ళు తలుపు కొడితే పలకలేదు. గట్టిగా కొడితే, తలుపు పగిలిందంటే మీ ఒక్కొక్కడి ఇంటిపేరూ నాకు తెలుసు అంది. చివరికి కిటికీలోంచి తల బయటపెట్టి, తను మాట్లాడితే అల్లుడితోనే మాట్లాడతానని కబురు చేసింది.

నివేస్ ఎర్మెతే వంక చూసింది. యోలె చూసింది. టీవీ కెమెరా కూడా చూసింది.

నిచ్చెన బండికి చివర ఒక ఇనుప బుట్ట ఉంది. అందులో ఇద్దరు నిలబడవచ్చు. ఎర్మెతే మెట్ల మీదుగా వెళ్ళి తలుపు దగ్గరే మాట్లాడతానన్నాడు. అత్తగారు తలుపు దగ్గరికి రానంటోంది, కిటికీ దగ్గర్నుంచి కదలనంటోంది అని ఫైర్ ఆఫీసరు చెప్పాడు. వారానికోసారి గోపురమెక్కే మనిషికి నాలుగో అంతస్తు ఓ లెక్కా అని ఇలారియో వెనక నుంచి భుజం తట్టాడు. తలకు టోపీ పెట్టి, నడుముకు బెల్టు బిగించి, ఒక ఫైర్‌మనిషిని తోడిచ్చి, ఎర్మెతేను బుట్టలో నిలబెట్టారు.

బుట్ట లేచింది. ఎర్మెతే కళ్ళు మూసుకున్నాడు. తెలిసిన ప్రార్థనలన్నీ మొదటి అంతస్తు లోపే అయిపోయాయి. రెండో అంతస్తు దగ్గర ఏదో రెక్కల చప్పుడు వినిపించి, అది పావురమని గ్రహించి, దాని వీపు చూడకూడదని కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నాడు. కింద జనం చప్పట్లు కొడుతున్నారు. బుట్ట ఆగాక తోడొచ్చిన ఫైర్‌మనిషి, కాస్త నా మెడ వదిలిపెట్టండి, ఊపిరాడటం లేదన్నాడు.

కళ్ళు తెరిస్తే ఎదురుగా అత్తగారు. వంటింటి కిటికీ ముందు పడక్కుర్చీ వేసుకుని, ఒళ్ళో దుప్పటి కప్పుకుని, పక్కన చిన్న గ్లాసులో వైను పెట్టుకుని, గోపురం వైపు కళ్ళార్పకుండా చూస్తోంది.

"అత్తయ్యా, కిందికి రండి," అన్నాడు ఎర్మెతే. "ప్రమాదమట."

"ఎన్నింటికి పడుతుందట?"

"ఏమిటి?"

"అదే, ఆ గోపురం. కింద మీకు తెలుసుంటుందని పిలిపించాను. ఈ ఇంటికి కాపరానికొచ్చి అరవై నాలుగేళ్ళయింది అల్లుడూ. ఒక్క రోజు, ఒక్క పొద్దున నా వంటింట్లో ఎండ పడలేదు. అది అడ్డం. తులసాకు కుండీ పెడితే బతకలేదు. మీ మామగారికి చెబితే, ఏం చేయమంటావు, పక్కకి జరపమంటావా అని నవ్వేవాడు. ఇప్పుడు దేవుడు నా మొర విన్నాడు. అది పడేదాకా నేను కదలను."

"అది ఇటే పడితే?"

"అటు ఒరిగింది. నాకు కళ్ళు కనిపిస్తాయి."

ఎర్మెతే తోడొచ్చిన మనిషి వంక చూశాడు. అతను మర్యాదగా పక్కకు తిరిగాడు, ఆ బుట్టలో అంతకన్నా దూరం పోవడానికి చోటు లేదు. కింద ఇరవై అడుగులో, నలభై అడుగులో ఖాళీ గాలి. ఆ గాలి మీద నిలబడి అబద్ధం ఆడటం ఎర్మెతే వల్ల కాలేదు.

"అది పడదు అత్తయ్యా. నోటీసు నేనే పెట్టాను. ఇలారియోతో కలిసి ఎక్కాల్సొస్తుందని. నాకు ఎత్తంటే భయం. ఎప్పుడూ ఎక్కలేదు."

అర్జియా చాలాసేపు గోపురాన్నే చూసింది. తరవాత వైను గ్లాసు ఎత్తి ఒక్క గుక్కలో తాగేసింది. ఎనభై ఎనిమిదేళ్ళ ఆ మొహం మీద అంత ఆశాభంగం ఎర్మెతే అంతకు ముందు చూడలేదు. మామగారి అంత్యక్రియలప్పుడు కూడా చూడలేదు.

"అయితే నేనింక ఇక్కడ కూర్చుని ఏం లాభం," అని లేచి దుప్పటి మడతపెట్టింది. "తలుపు తీస్తాను, వాళ్ళని రమ్మను. నువ్వు మాత్రం పోయి నిజం చెప్పు. ఈ వయసులో మనిషికి ఇలా ఆశపెట్టకూడదు."

ఆటల హాల్లో బాస్కెట్‌బాల్ బుట్ట కింద పెళ్ళి అయిపోయింది. ఇళ్ళు ఖాళీ చేసినవాళ్ళనూ అక్కడికే తోలడంతో పెళ్ళివారు, వీధివారు, ఫైర్‌వారు కలిసి భోంచేస్తున్నారు. ఎవరు ఎవరి చుట్టమో తెలియక పెళ్ళికూతురు అందరినీ ముద్దుపెట్టుకుంటోంది, పొద్దుటి ఏడుపు ఎటో పోయింది. ఇలారియో చుట్టూ ఓ ఇరవై మంది చేరి తాళంచెవుల గుత్తిని ఒకరి తరవాత ఒకరు పట్టుకుని చూస్తున్నారు. ఎర్మెతే నివేస్‌ను ఓ మూలకు తీసుకెళ్ళి మొత్తం చెప్పాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో అంత పొడుగు మాట అతను ఆమెతో ఎప్పుడూ మాట్లాడి ఉండడు. చెబుతున్నంతసేపూ గోడను పట్టుకునే ఉన్నాడు.

నివేస్ అంతా విని, "ఇరవై ఏడు మెట్లా?" అంది.

"ఇరవై ఏడు."

"ఫెర్మో పంతొమ్మిదన్నాడే."

వాడికెలా తెలుసు, నీకెప్పటి నుంచి తెలుసు అని ఎర్మెతే అడగాలనుకున్నాడు గానీ, ఆమె అప్పటికే అతని కోటు కాలరు సర్దుతోంది.

"ఎక్కలేనంటే నేనేమైనా వదిలేసి పోతానా? ఇలారియో ఎక్కితే ఎక్కనీ, వాడికి వేరే పనేముంది," అంది. "ముందు పోయి చెప్పిరా. ఆ టోపీ తీసేసి వెళ్ళు."

అప్పటి దాకా ఫైర్‌వాళ్ళ టోపీ తల మీదే ఉందని అతను చూసుకోలేదు.

మున్సిపల్ భవనం మీటింగు హాల్లో ఒక బల్లకు ఈ పక్క లొరెదానా మేడమ్, ఆ పక్క దోన్ తార్చీజియో కూర్చుని, పదకొండేళ్ళ తరవాత మొదటిసారి ముఖాముఖి మాట్లాడుకుంటున్నారు. నోటీసు పెట్టించిన గౌరవం ఎవరిదన్నదే చర్చ. మున్సిపాలిటీ కాగితం మీద ఉంది కాబట్టి తమదని ఆమె, చర్చి తలుపు మీద ఉంది కాబట్టి తమదని ఆయన. ఎర్మెతే తలుపు దగ్గర నిలబడి, చేతిలో టోపీ లేకపోయినా ఉన్నట్టే తిప్పుతూ, ఆ నోటీసు పెట్టింది తనేనని చెప్పాడు.

ఇద్దరూ మాట ఆపి అతని వంక చూశారు.

"అచ్చు వేసింది మీరే, తెలుసు జాన్‌ఫ్రీనిగారూ," అంది లొరెదానా మేడమ్. "ఊళ్ళో ఇంకెవరు వేస్తారు? ఇప్పుడు మాట్లాడేది ఎవరు వేయించారని."

"ఎవరూ వేయించలేదు మేడమ్. నేనే పొద్దున్న ఆరింటికి వేసి, నేనే మేకులు కొట్టాను. గోపురానికేమీ కాలేదు. నాకు ఎక్కడం భయం, అంతే."

దోన్ తార్చీజియో, పాపాల ఒప్పుకోలు వినేటప్పటి గొంతుతో, నాయనా, పేరు మీద ఆశ చిన్న పాపమేమీ కాదు అన్నాడు. నాలుగో అంతస్తు దాకా లేచి ముసలావిడను దింపించిన మనిషి, టీవీలో ఊరంతా చూసిన మనిషి, ఎత్తంటే భయమని చెబితే ఎవరు నమ్ముతారని అడిగాడు. లొరెదానా మేడమ్ ఇంకా కటువుగా మాట్లాడింది. ఊరు ఆపదలో ఉన్నప్పుడు మున్సిపాలిటీకి దక్కాల్సిన మంచి పేరును ఒక ప్రెస్సువాడు కొట్టేయాలని చూడటం తను ఊహించలేదంది. ఈ ఒక్క విషయంలో ఫాదర్‌గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నానంది. పదకొండేళ్ళ పగ అక్కడ, ఎర్మెతే నెత్తి మీద, చల్లారిపోయింది. ఇద్దరూ కలిసి అతన్ని బయటికి పొమ్మన్నారు.

అతను వెనక్కి తిరిగేలోపు ఇంజనీరమ్మ లెక్కల కాగితంతో లోపలికొచ్చింది. ఆమె మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"మూడు గంటలుగా చూస్తున్నాను," అంది. "గోపురం దక్షిణానికి జరుగుతూనే ఉంది. ఇప్పటికి రెండు వేళ్ళ మందం."

లొరెదానా మేడమ్, దోన్ తార్చీజియో ఇద్దరూ ఒకేసారి ఎర్మెతే వంక, చూశావా అన్నట్టు చూశారు. ఎర్మెతేకు కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. తను ఆడిన అబద్ధం నిజమై కూర్చుందనుకున్నాడు.

"అనుమానమొచ్చి కెథడ్రల్ వైపు చూశాను," అంది ఇంజనీరమ్మ. "అది కూడా జరుగుతోంది. కాఫీ హోటలూ జరుగుతోంది. మందుల షాపూ జరుగుతోంది. అన్నీ సరిగ్గా రెండు వేళ్ళే."

"అంటే చౌకంతా పోతోందా?" అన్నాడు దోన్ తార్చీజియో.

"లేదండీ. యంత్రం కిందికి తెచ్చి చౌకులో పెట్టి చూశాను. గోపురం వెంట్రుకంత కూడా కదల్లేదు, అది ఇంకో ఎనిమిది వందల ఏళ్ళుంటుంది. యంత్రం ఉన్న వరండా కదులుతోంది. వరండా అంటే," అని ఆమె పైకప్పు వంక చూసింది, "ఈ భవనం. పొద్దుట్నుంచి టీవీవాళ్ళు, జనం, అందరూ ఆ వరండా ఎక్కారు. దూలాలు లోపల పూర్తిగా పుచ్చిపోయాయి. మీకు అభ్యంతరం లేకపోతే మనం బయట నిలబడి మాట్లాడుకుందాం."

అభ్యంతరం ఎవరికీ లేకపోయింది. మెట్లు దిగడంలో దోన్ తార్చీజియో అందరికన్నా ముందున్నాడు.

చౌకులోకి వచ్చాక ఎర్రతెల్ల పట్టీలు గోపురం చుట్టూ విప్పి మున్సిపల్ భవనం చుట్టూ కట్టారు. అర్జియా తన నాలుగో అంతస్తు కిటికీ దగ్గరికి తిరిగి చేరి, గోపురాన్ని ఇంకోసారి తిట్టి, వెల్లుల్లి వేయించుకోవడం మొదలుపెట్టింది. నాలుగింటి రైలు ఎప్పుడో పోయింది, ఇలారియో ఆరున్నర రైలుకు బయల్దేరుతూ, అరవై నాలుగో గోపురాన్ని ఎక్కకుండానే కాపాడాను కాబట్టి పుస్తకంలో రాసుకోవచ్చా లేదా అని ఎర్మెతేను అడిగాడు. రాసుకోమన్నాడు ఎర్మెతే. మెట్ల సంఖ్య దగ్గర ఖాళీ వదిలేయమన్నాడు. ఫెర్మో రెండు తాళాలూ తీసి ఆరు గంటలు కొట్టాడు. ఒక్కొక్క గంటకీ చౌకులో జనం నిలబడిపోయి, కొత్త పాట వింటున్నట్టు విన్నారు. నివేస్ ఎర్మెతే చేయి పట్టుకుని ఉంది. అది వణకడం ఆగిందో లేదో చూడటానికి పట్టుకుందని అతనికి తెలుసు, అయినా బాగుంది.

లొరెదానా మేడమ్ వచ్చి, తలెత్తకుండా, మున్సిపల్ భవనం మూసివేతకు ఒక నోటీసు అర్జెంటుగా కావాలంది. ఎర్మెతే కాగితం, పెన్సిలు తీసి, ఎవరి పేరుతో వేయమంటారని అడిగాడు. అది భవనం విషయం కాబట్టి మేయరే పెట్టాలని ఆమె అంది. కొండల్లోంచి దిగొచ్చిన మేయరు, మూయించింది ఇంజనీరు కాబట్టి ఇంజనీరే పెట్టాలన్నాడు. ఇంజనీరమ్మ, తనను పిలిచింది గోపురం కోసమని గుర్తుచేసి మోదేనా వెళ్ళిపోయింది. దోన్ తార్చీజియోను అడిగితే, చర్చి ఎన్నడూ మున్సిపాలిటీ వ్యవహారాల్లో తలదూర్చలేదన్నాడు.

అలా ఆ నోటీసు అచ్చు కాలేదు. ఉద్యోగులందరూ ఇళ్ళకు వెళ్ళి కూర్చున్నారు, మున్సిపల్ కార్యాలయం నడవడం లేదన్న సంగతి ఫోంతలేరా గమనించడానికి మూడు వారాలు పట్టింది.